బిల్లు మీద ఎవరి పేరు

మా ప్రాంతపు ఎమ్మెల్యేని కలవాలంటే శనివారం పొద్దున బట్టలుతికే దుకాణానికి వెళ్లమని మా ఎడిటర్ చెప్పినప్పుడు, పరాచికమాడుతున్నాడనుకున్నాను. అమెరికాలో ఎమ్మెల్యే అనరు, రిప్రజెంటేటివ్ అంటారు. రాష్ట్ర శాసనసభలో కూర్చునే మనిషే కాబట్టి నా నోటికి ఎప్పుడూ ఎమ్మెల్యే అనే వచ్చేది. తెలుగు దినపత్రికలో జిల్లా విలేకరిగా సగం జీవితం గడిపినవాడి నోరు అది.

నా భార్యకి డెట్రాయిట్ దగ్గరి ట్రాయ్‌లో కార్ల కంపెనీలో ఉద్యోగం వచ్చింది. ఆమె వెంట నేనొచ్చాను. పని చేసుకునే అనుమతి రావడానికి చాలాకాలం పట్టింది. వచ్చాక, ట్రాయ్‌కీ డెట్రాయిట్‌కీ మధ్య ఉన్న చిన్న పట్టణాల వార్తలు వేసే ఒక ఇంగ్లిష్ వారపత్రికలో చేరాను. పురపాలక సంఘం సమావేశాలు, హైస్కూలు ఫుట్‌బాల్, చర్చి విందులు, అప్పుడప్పుడు రాజధానికి వెళ్లి శాసనసభ. ఉప్పూ కారం తక్కువైనా వంట అదే.

ఆ శనివారం బయల్దేరుతుంటే నా భార్య రెండు కంఫర్టర్లు తెచ్చి కారు వెనక సీట్లో పడేసింది.

"ఎలాగూ లాండ్రీకే వెళ్తున్నారు కదా. మన మెషీన్‌లో ఇవి పట్టవు."

"నేను ఇంటర్వ్యూ చేయడానికి వెళ్తున్నానే బాబూ!"

"చేయండి. అది తిరుగుతూ ఉంటుంది, మీరు ఇంటర్వ్యూ చేస్తూ ఉండండి."

అలా నేను ఒక అమెరికా శాసనసభ్యురాలిని మొదటిసారి రెండు భుజాల మీదా రెండు బొంతలు మోస్తూ కలిశాను.

అది నాణేలు వేసి బట్టలుతుక్కునే దుకాణం. గోడల వెంట యంత్రాలు, మధ్యలో పొడవాటి బల్లలు, వేడి గాలి, సబ్బు వాసన. బల్ల దగ్గర ఒక ముసలాయన దుప్పటి రెండు మూలలు పట్టుకుని నిలబడ్డాడు. మిగతా రెండు మూలలు ఆమె చేతుల్లో ఉన్నాయి. పొట్టి మనిషి. పొట్టిగా కత్తిరించిన నెరిసిన జుట్టు, మెడలో గొలుసుకి వేలాడే కళ్లద్దాలు, పెద్ద బండి స్టీరింగ్ తిప్పినవాళ్లకుండే భుజాలు.

పెద్ద దుప్పటి మడత పెట్టడానికి ఇద్దరు కావాలి. మొదట ఇద్దరూ దూరంగా నిలబడి లాగుతారు. తర్వాత ఒకరివైపు ఒకరు నడిచి మూలలు కలుపుతారు. మళ్లీ వెనక్కి వెళ్తారు, మళ్లీ దగ్గరికొస్తారు. మడత మడతకీ దూరం తగ్గుతుంది. ఆఖరి మడతకి ఇద్దరి ముఖాల మధ్య జానెడు ఎడం మిగులుతుంది. దూరం నుంచి చెప్పలేని మాట అప్పుడు చెప్పొచ్చు. ఆ ముసలాయన ఏదో చెప్పాడు. ఆమె తలూపి, దుప్పటి ఆయన బుట్టలో పెట్టి, జేబులోంచి పెన్ను తీసి అరచేతి మీదే ఏదో రాసుకుంది.

"ఆఫీసులో బల్లకి అటు నేను, ఇటు వాళ్లు," అంది తర్వాత నాతో. "అక్కడ అందరూ మర్యాదగా మాట్లాడతారు, ఎవరూ నిజం చెప్పరు. ఇక్కడ బట్టలు ఆరేదాకా వాళ్లెక్కడికీ పోలేరు. నేనూ పోలేను. ఇంతకీ ఆ కొండలు నీవేనా?"

"నావే."

"తడిశాక నీ ఒక్కడివల్లా కాదు బేబీ. పట్టు."

ఆమెకి అందరూ బేబీయే. ముసలాయన బేబీ, దుకాణం యజమాని బేబీ, నేనూ బేబీనే. ఇంటికొచ్చి చెబితే నా భార్య సోఫాలో పడి నవ్వింది.

"యాభై దాటిన బేబీ! రండి బేబీగారూ, అన్నం చల్లారిపోతోంది."

ఆ తర్వాత వీలున్న ప్రతి శనివారం వెళ్లేవాణ్ని. వార్త ఉన్నా లేకపోయినా వెళ్లేవాణ్ని. తన జీవితం ఆమె నాకు ఒకేసారి కూర్చుని చెప్పలేదు. మడతల మధ్య ముక్కలు ముక్కలుగా చెప్పింది.

వాళ్ల అమ్మానాన్నా అలబామా నుంచి డెట్రాయిట్‌కి వచ్చినవాళ్లు. నాన్న ఇనుము కరిగించే కార్ఖానాలో, అమ్మ ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికే చోట. ఆమె స్కూలు బస్సు నడిపేది. చలికాలం తెల్లవారకముందే బస్సు వేడెక్కించి వీధివీధికీ తిరిగి పిల్లల్ని ఎక్కించుకునేది. ఎవరు మెట్లెలా ఎక్కుతారో చప్పుడు విని చెప్పగలిగేదట.

కొందరు పిల్లలు ఉన్నట్టుండి రావడం మానేసేవాళ్లు. జ్వరమేమో అనుకునేది. రోజులు గడిచినా రాకపోతే, డ్యూటీ దిగాక వెళ్లి తలుపు కొట్టేది. లోపల టీవీ చప్పుడు వినిపించేది, తలుపు మాత్రం తీసేవాళ్లు కాదు. ఒకరోజు ఒక నాయనమ్మ తీసింది. ఇంటికి నీళ్లు ఆపేశారు. బిల్లు కట్టలేదు. మాసిన బట్టలతో పిల్లల్ని పంపితే టీచర్ అడుగుతుంది. అడిగితే ఇంట్లో నీళ్లు లేవని తెలుస్తుంది. తెలిస్తే శిశు సంక్షేమం వాళ్లొచ్చి పిల్లల్ని తీసుకెళ్లిపోతారు.

"నీళ్లు పోతే ఎప్పటికైనా వస్తాయి, పిల్లలు పోతే రారు అందా ముసలమ్మ," అని చెప్పింది ఎమ్మెల్యే. "అప్పటిదాకా నేను తలుపు కొడుతుంటే వాళ్లు ఎవరనుకుని భయపడ్డారో అప్పుడు తెలిసింది నాకు."

ఆ పట్టణం పేరు నేను రాయను. పక్కన ఇంకా అలాంటివి ఉన్నాయి. ఆమె పురపాలక సంఘం సమావేశానికి వెళ్లి మైకు ముందు నిలబడింది. పౌరులు మాట్లాడటానికిచ్చే ఆ కాస్త సమయంలో చెప్పింది. ఎవరూ తలెత్తి చూడలేదు. తర్వాతి సమావేశానికి మళ్లీ వెళ్లింది. ఆ తర్వాతిదానికీ వెళ్లింది. చివరికి స్కూలు బోర్డుకి పోటీ చేసి ఓడింది. మళ్లీ చేసి గెలిచింది. అక్కడినుంచి శాసనసభ. ఎమ్మెల్యే అయ్యాక కూడా బస్సు నడిపే లైసెన్సు రెన్యూ చేయించుకుంటూనే ఉండేది.

"ఈ కుర్చీ ఓటర్లది. లైసెన్సు నాది," అనేది.

శాసనసభలో అడుగుపెట్టిన మొదటి సంవత్సరమే ఆమె ఒక బిల్లు పెట్టింది. పసిపిల్లలున్న ఇంటికి బిల్లు కట్టలేదని నీళ్లు ఆపకూడదు. ఆపినచోట తిరిగి ఇవ్వాలి. బాకీ విడతలుగా కట్టించుకోవాలి. నీళ్లు లేవన్న ఒక్క కారణంతో పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి వేరు చేయకూడదు. అంతే బిల్లు. కానీ ఆమె పార్టీ మైనారిటీలో ఉంది. ఏ బిల్లు చర్చకి రావాలో కమిటీ చైర్మన్ నిర్ణయిస్తాడు. చైర్మన్ అవతలి పార్టీ మనిషి. రెండేళ్లకోసారి కొత్తగా ఏర్పడే ప్రతి సభలోనూ ఆమె బిల్లు పెట్టేది, ప్రతిసారీ అది చైర్మన్ బల్ల సొరుగులోనే పడుకుని సభతోపాటు చచ్చిపోయేది. మరుసటి సభలో మళ్లీ మొదటినుంచి పెట్టేది.

నేను ఆమెని ఎరిగేనాటికి అది ఆమె ఆఖరి విడత. ఇక్కడ ఒక మనిషి ఇన్నేళ్లకి మించి శాసనసభలో ఉండకూడదని చట్టం. ఆ డిసెంబరులోగా బిల్లు నెగ్గకపోతే బిల్లూ పోతుంది, దాన్ని మళ్లీ పెట్టే మనిషీ ఉండదు.

ఆ ఎండాకాలమే లాండ్రీలో ఒక అమ్మాయిని చూశాను. చంకలో నెలల పాప. ఉతకడానికి బట్టలేమీ తేలేదు. దుకాణం వెనక సింక్ దగ్గర ప్లాస్టిక్ క్యాన్లు నింపుకుంటోంది. యజమాని అటు చూడకుండా చిల్లర సర్దుకుంటున్నాడు. ఎమ్మెల్యే వెళ్లి పాపని ఎత్తుకుంది. అమ్మాయి క్యాన్లు నింపింది. ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు వినపడలేదు. తర్వాత ఆ అమ్మాయే చెప్పింది, పేరు రాయనని మాటిచ్చాక. వృద్ధుల ఆశ్రమంలో ఆయాగా చేస్తోంది. కాన్పుకి సెలవు పెట్టినన్నాళ్లూ జీతం లేదు, నీళ్ల బిల్లు పేరుకుపోయింది. పాప ఏడుపు పక్కింటికి వినపడకుండా కిటికీలు మూసుకుని ఉంటోంది. ఎవరైనా ఫిర్యాదు చేస్తారేమోనని.

ట్రాయ్‌లో మా స్నేహితుల ఇంట్లో భోజనాలప్పుడు ఈ సంగతి చెప్పాను.

"అన్నా, గట్లయితే ఎవ్వడు బిల్లు కడ్తడు?" అన్నాడు ఒక ఇంజనీరు తమ్ముడు. "మనకి పవర్ కట్ చెయ్యరా? రూల్ అంటే రూలే."

అక్కడ పిల్లల డాక్టరుగా రిటైరయిన ఒక పెద్దావిడ కూర్చుని ఉన్నారు. గుంటూరులో చదివి ఎప్పుడో వచ్చి స్థిరపడ్డవారు.

"నువ్వు ఇంజన్లు చూస్తావు నాయనా, నేను పసివాళ్లని చూశాను," అన్నారు. "నీళ్లు లేని ఇంట్లో పాలపొడి దేంతో కలుపుతారో చెప్పు."

"సారీ ఆంటీ."

"సారీ తర్వాత చెబుదువుగాని, ముందా గారెలు ఇటు జరుపు."

ఆకులు రాలే కాలంలో ఒక శనివారం ఎమ్మెల్యే ఎవరి దుప్పటో ఒంటరిగా బల్లమీద పరిచి చేత్తో దువ్వుతోంది. నేను పక్కన నిలబడ్డాను.

"చైర్మన్ పిలిచాడు," అంది.

ఆయన రాష్ట్రానికి ఉత్తరాన ఉన్న పల్లెల నుంచి వచ్చే రైతు. ఇంట్లో సొంత బావి. నీళ్ల బిల్లు అనేది జీవితంలో చూసి ఉండడు. ఇన్నేళ్లూ ఈమె బిల్లుని సొరుగులోంచి బయటికి తీయని మనిషి, ఆ వారం తన గదికి పిలిచి తలుపు వేసి చెప్పాడట: 'బిల్లు మంచిదే. నా కూతురు మొన్న బిడ్డని కన్నది, అప్పట్నుంచి నిద్రపట్టడం లేదు. కానీ నీ పేరుంటే మావాళ్లు ఒక్కరూ ఓటెయ్యరు. నా పేరు పెడితే సగంమందిని తేగలను. మీవాళ్లంతా వేస్తే నెగ్గుతుంది. నీ పేరు మాత్రం ఎక్కడా ఉండకూడదు, బలపరిచినవాళ్ల జాబితాలో కూడా.'

ఇలా ఇక్కడ జరుగుతూనే ఉంటుందట. మైనారిటీ పార్టీ వాళ్ల బిల్లు, నంబరు మారి, మెజారిటీ పార్టీ వాళ్ల పేరుతో పైకి లేస్తుంది.

నాకు మా జిల్లాలో ఒక వంతెన గుర్తొచ్చింది. వాగు మీద చిన్న వంతెన, పూర్తయింది. ప్రారంభానికి శిలాఫలకం చెక్కించారు. అక్కడి ఎమ్మెల్యే మనుషులు, తమ నాయకుడి పేరు జడ్పీ చైర్మన్ పేరు కింద వేశారని సుత్తులతో వచ్చి ఆ రాయి పగలగొట్టారు. ప్రోటోకాల్ రగడ అని మేమూ మొదటి పేజీలో వేశాం. కొత్త రాయి వచ్చేదాకా వంతెనకి అడ్డంగా తాళ్లు కట్టి ఉంచారు. ఆ వానాకాలమంతా జనం వంతెన కిందనుంచి, మోకాటిలోతు నీళ్లలో, చెప్పులు చేత పట్టుకుని వాగు దాటారు. పేరు కోసం ఎంతదూరం వెళ్తారో చూసినవాణ్ని. పేరు తీసేయమంటే ఏం చేస్తారో ఎన్నడూ చూడలేదు.

"మీరేమన్నారు?"

"ఏమంటాను? నా దగ్గరున్న కాగితాలన్నీ ఇచ్చాను. వాళ్ల లాయర్లు ఎక్కడ తప్పు పడతారో, దానికి ఏం చెప్పాలో కూడా రాసిచ్చాను."

"బాధ లేదా?"

ఆమె దుప్పటి అంచు నా చేతిలో పెట్టింది. ఇద్దరం లాగాం.

"లోపల రాయేం లేదుగా, ఎందుకుండదు? ఏడ్చాను కూడా. ఏడిస్తే కళ్లలో నీళ్లొచ్చాయి, ఆ అమ్మాయి కుళాయిలో రాలేదు."

తర్వాత నన్ను చూసి, "నువ్వు పత్రికవాడివి. ఇది నీకు వార్త. నేను రాయొద్దనను," అంది.

నేను మా ఎడిటర్‌కి చెప్పాను. ఆయన చాలాసేపు బల్లమీద వేళ్లతో తాళం వేశాడు. "బిల్లులో ఏముందో రాయి. దానిమీద ఎవరి పేరుందో రాయి. రెండూ నిజాలే," అన్నాడు. "ఇంతకుముందు ఎవరిదో చెప్పడానికి తొందరేముంది, అది ఎక్కడికీ పోదుగా." ఆ వారం అలాగే వేశాం.

పెద్దల సభలో అది చప్పుడు లేకుండా దాటింది. మిగిలింది దిగువ సభ. గవర్నర్ సంతకం చేస్తారని ముందే చెప్పారు. ఓటింగ్ డిసెంబరులో, సభ ముగియడానికి కొంచెం ముందు, ఒక మధ్యాహ్నం. కిటికీల బయట మంచు పడుతోంది. సభలో గోడమీద పెద్ద బోర్డు, దానిమీద సభ్యులందరి పేర్లు. ఔనంటే పేరు పక్కన ఆకుపచ్చ దీపం, కాదంటే ఎర్రది. పత్రికలవాళ్ల కుర్చీలు ఆమె వరసకి దగ్గరే ఉన్నాయి.

ఊహించని చిక్కు ఆమె సొంత పార్టీ నుంచి వచ్చింది. ఎవరి బిల్లు ఎవరి పేరుతో వచ్చిందో వాళ్లకందరికీ తెలుసు. మండిపోతున్నారు. డెట్రాయిట్ నుంచి కొత్తగా గెలిచిన ఒక కుర్ర లాయరు ప్రసంగం రాసుకుని తెచ్చుకున్నాడు. ఆమె అంటే ప్రాణం అతనికి. ఎన్నికల్లో అతని వెంట ఇంటింటికీ తిరిగింది ఆమే.

"ఆంటీ, ఇది పట్టపగలు దొంగతనం," అన్నాడు ఆమె బల్ల దగ్గర వంగి. "నేను లేచి అందరి ముందూ చెప్తాను. టీవీలు ఉన్నాయి."

"చెప్పు. చెప్పి కూర్చున్నాక బోర్డు చూడు. అటువైపు ఆకుపచ్చ ఒక్కటైనా మిగులుతుందేమో లెక్కపెట్టు."

"మరి మన పరువు?"

"పరువు రేపటిదాకా ఆగుతుంది బేబీ. పసిదానికి పాలు ఆగవు."

"మీరు ఇలా అంటారనే వాళ్లు మనల్ని ఎప్పుడూ ఇలా..." అతను మాట పూర్తి చేయకుండా తన చోటికి వెళ్లి మైకు కోసం చేయెత్తాడు. సభాపతి పిలిచాడు.

ఆమె అతనివైపు తిరగలేదు. కళ్లద్దాలు తుడుచుకుంటూ కూర్చుంది. చైర్మన్ సగం లేచి మళ్లీ కూర్చున్నాడు. ఆ కుర్రవాడు కాగితాలు విప్పి నిలబడ్డాడు. కాగితాన్ని చూశాడు, ఆమె నెరిసిన తలని వెనకనుంచి చూశాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఈ బిల్లుకి ఓటెయ్యమని అందరినీ కోరుతున్నాను," అని కూర్చున్నాడు. అంత పెద్ద మనసు ఆ వయసులో నాకైతే లేదు.

బోర్డు తెరిచారు. దీపాలు వెలిగాయి. ఎరుపు ఎక్కువగా ఉంది. చైర్మన్ తెస్తానన్న సగం మంది ఆకుపచ్చ వైపు రాలేదు. ఓటింగ్ ముగిసిందని సభాపతి ప్రకటించేదాకా సభ్యులు ఓటు మార్చుకోవచ్చు. చైర్మన్ తన వాళ్ల బల్లల మధ్య తిరగడం మొదలెట్టాడు. అప్పుడు ఆమె లేచింది. మధ్యదారి దాటి, అవతలి పార్టీ వరసల్లోకి నడిచింది. అటువాళ్లు ఇటు, ఇటువాళ్లు అటు సాధారణంగా ఓటింగప్పుడు వెళ్లరు. ఒక్కొక్కరి పక్కన ఆగి, వంగి ఏదో అడిగింది. చేయి పట్టుకోలేదు, బతిమాలలేదు. ఆమె ఏం అడిగిందో తర్వాత వాళ్లలో ఒకాయన నాకు చెప్పాడు: "మనవరాలు ఎలా ఉందని అడిగింది. అంతే. బిల్లు ఊసెత్తలేదు. ఇన్నేళ్లుగా మా అందరి పిల్లల సంగతులూ ఆమెకి తెలుసు."

ఒక ఎర్రదీపం ఆకుపచ్చగా మారింది. తర్వాత ఇంకొకటి. కాసేపు ఏమీ జరగలేదు. మళ్లీ రెండు ఒకేసారి మారాయి. నేను ఎన్నో సభలు చూశాను. కుర్చీలు విసురుకోవడం చూశాను, మైకులు విరగ్గొట్టడం చూశాను. తన పేరు లేని బిల్లు కోసం, తనని ఇన్నేళ్లు తొక్కిపెట్టినవాళ్ల మధ్య ఒక్కతే అలా నడిచే మనిషిని ఎక్కడా చూడలేదు. రాసుకోవడానికి తీసిన పెన్ను చేతిలోనే ఉండిపోయింది.

సభాపతి బల్ల మీద కొట్టాడు. బిల్లు నెగ్గింది. బొటాబొటీగానే అయినా నెగ్గింది.

బయట వరండాలో కెమెరాలన్నీ చైర్మన్ చుట్టూ మూగాయి. పసిపిల్లల గురించి ఆయన బాగానే మాట్లాడాడు, కళ్లు మాత్రం ఎవరికోసమో వెతుకుతున్నాయి. ఆమె కోటు వేసుకుంటూ గోడ పక్కనుంచి వెళ్తుంటే ఒక టీవీ అమ్మాయి అడ్డం వచ్చింది.

"మీరు అవతలి పార్టీవారు కదా. ఆయన బిల్లుకి ఎందుకు ఓటేశారు?"

"చదివాను బేబీ," అంది ఆమె. "చాలా బాగా రాశారు. కామా కూడా మార్చక్కర్లేదు."

చైర్మన్ తల దించుకున్నాడు.

ఆమె మెట్లు దిగి మంచులోకి వచ్చి, చేతితొడుగు పళ్లతో లాగి ఫోన్ తీసింది. నేను వెనకే ఉన్నాను. అవతల ఎత్తింది లాండ్రీలో చూసిన ఆ అమ్మాయే అని మాటల్ని బట్టి తెలిసింది.

"అయిపోయింది. నెగ్గింది. గవర్నర్ సంతకం పెట్టగానే వచ్చి కుళాయి తిప్పి వెళ్తారు. నిన్నెవరూ ఏమీ అడగరు, కిటికీలు తెరుచుకో... ఆఁ? ఎవరు చేశారా?"

మంచు ఆమె జుట్టు మీద పడుతోంది. దులుపుకోలేదు.

"ఎవరో ఒకరు చేశార్లే. పాప నిద్రపోయిందా?"